స్పిట్‌ఫైర్‌ను దించేటప్పుడు పిచ్ ముందా, ఫ్లాప్స్ ముందా?

విజయవాడలో ఇంట్లో కూర్చుని, విమాన సిమ్యులేటర్‌లో, రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ను (మెర్లిన్ ఇంజన్ రకాన్ని) గన్నవరం రన్‌వేపై దించే సరదా ఉన్నవారికి ఒక చిట్కా. ప్రకాశం బ్యారేజీ దాటేసరికే థ్రాటిల్ తగ్గించి, వేగాన్ని గంటకు 160 మైళ్ల లోపుకు తెచ్చుకున్న తరువాతనే చక్రాలనూ, ఆపై ఫ్లాప్స్‌నూ (రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలను) దించాలి. ఈ విమానపు ఫ్లాప్స్‌కు మధ్యస్థ స్థానమంటూ లేదు. సంపీడిత గాలితో ఒక్కసారిగా పూర్తిగా దిగిపోతాయి, వెంటనే ముక్కు గట్టిగా కిందికి వంగుతుంది కనుక ముక్కు వాలును సర్దే ట్రిమ్ చక్రంపై చేయి ముందే సిద్ధంగా ఉండాలి. పిచ్‌ను, అంటే ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని, మార్చే ప్రొపెల్లర్ లివర్‌ను చివరి మలుపులో, ఇంజన్ శక్తి తక్కువగా ఉన్నప్పుడు, మెల్లగా పూర్తిగా ముందుకు నెట్టాలి. వేగం తగ్గకముందే నెడితే, ఘాట్ దిగుతున్న లారీని హఠాత్తుగా చిన్న గేరులో వేసినట్లు, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ఎగబాకి ఇంజన్ రొద పెడుతుంది. దిగేవాడికి లివర్‌ను ముందుకు నెట్టడం ఎందుకని నేనూ మొదట్లో వదిలేసేవాణ్ణి. రన్‌వే అందక మళ్లీ పైకి లేవవలసి వచ్చినప్పుడు 3000 ఆర్‌పీఎం అప్పటికే అందుబాటులో ఉండాలన్నది అసలు కారణం. అప్పుడైనా థ్రాటిల్‌ను ఒక్కసారిగా తెరవకూడదు. విమానం ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్‌తో (తోక చుక్కానితో) ఆపుకోవాలి.