మూసినా నీళ్లు ఆగని బటర్‌ఫ్లై వాల్వ్
యర్రగుంట్ల దగ్గర సిమెంటు ప్లాంటు, కూలింగ్ వాటర్ లైన్. 100 మి.మీ. వేఫర్ వాల్వ్ (రెండు ఫ్లాంజిల, అంటే పైపు చివర బోల్టులు పట్టే చక్రాల, మధ్య ఇరికించే రకం), పీఎన్ 10 (10 బార్ల పీడనానికి). కొత్తదే అయినా మూస్తే కారేది. విప్పితే రబ్బరు సీటు ఒకవైపు ముడత పడి ఉంది. డిస్క్ (లోపల తిరిగి నీటిని ఆపే పళ్లెం) మూసి ఉండగానే బోల్టులు బిగించారు, పైగా అదనంగా గ్యాస్కెట్లు వేశారు. ఈ రకానికి సీటు రబ్బరే గ్యాస్కెట్.

సీటు మార్చాను. ఫ్లాంజిలు బాగా ఎడం చేసి, డిస్క్ బాడీ దాటకుండా కొద్దిగా తెరిచి వాల్వ్ దూర్చాను. సెంటరు సరిచూసి, డిస్క్ పూర్తిగా తెరిచాకే 8 ఎం16 (16 మి.మీ.) బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాను. డిస్క్ పైపు అంచుకు తగులుతోందేమో చేత్తో తిప్పి చూడండి, చాలామంది ఇదే వదిలేస్తారు. తర్వాత వాల్వ్ మూసి, ఒకవైపు హ్యాండ్ పంపుతో 11 బార్లు ఎక్కించినా రెండోవైపు చుక్క పడలేదు.

నూనె కలిసే లైనుకు ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) సీటు వద్దు, ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు తీసుకోండి.