ఐస్ మేకర్ మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: సెన్సర్ నిజంగానే పోయిందా?

పోయిన పాఠంలో నీళ్ళు, పంపు, ఫ్యాను, వెనకాల జాలీకి పట్టిన దుమ్ము అన్నీ చూసేశాం కదా. అవన్నీ బాగానే ఉండి కూడా ఐస్ పల్చగా గుల్లలాగా వచ్చి రాలిపోతుంటేనో, లేదా ముక్కలు బాగా లావెక్కి ఒకదానికొకటి అతుక్కుపోయి మెషిన్ లోహపు వేళ్ళ నుంచి ఊడకుండా మొరాయిస్తుంటేనో ఈ పాఠం మీకోసమే. ఆ చెకింగ్ చెయ్యకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు దయచేసి వెనక్కి వెళ్ళి అది పూర్తి చేసి రండి, ఎందుకంటే గాలి ఆడకపోయినా గది మరీ వేడిగా ఉన్నా కూడా ఐస్ పల్చగానే వస్తుంది, అప్పుడు సెన్సర్ మార్చి ఉపయోగం ఏమీ ఉండదు. ఇంకోటి, మెషిన్ ఆన్ చేశాక మొదటి రెండు మూడు విడతలు చిన్న ముక్కలు రావడం మామూలే, నీళ్ళు ఇంకా చల్లబడలేదు కాబట్టి. దాన్ని చూసి కంగారు పడొద్దు.

మనం మాట్లాడుకునేది బల్ల మీద పెట్టుకునే చిన్న మెషిన్ గురించి, చల్లటి లోహపు వేళ్ళు నీళ్ళ ట్రేలో మునిగి వాటి చుట్టూ ఐస్ కడుతుంది చూడండి, అది. ఫ్రిజ్ లోపల ఉండే ఐస్ మేకర్ పని వేరే, అందులో అచ్చు సుమారు మైనస్ 9, 10 డిగ్రీలకి చేరాక ఐస్‌ని బయటికి తోస్తుంది, కానీ సెన్సర్ టెస్ట్ చేసే పద్ధతి మాత్రం రెండిటికీ ఒకటే.

సరే, ముందు లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకుందాం, ఇది అర్థమైతే మల్టీమీటర్ (రెసిస్టెన్స్, వోల్టేజ్ కొలిచే పరికరం) పట్టుకోకముందే సగం జవాబు దొరుకుతుంది. చలి, వేడి కనిపెట్టే ఈ సెన్సర్ని ఎన్‌టీసీ థర్మిస్టర్ అంటారు, అంటే చల్లబడేకొద్దీ దాని రెసిస్టెన్స్ (కరెంటుని అడ్డుకునే గుణం) పెరుగుతుంది, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకి డిగ్రీలు తెలియవు, దానికి తెలిసింది ఈ రెసిస్టెన్స్ వల్ల మారే వోల్టేజ్ ఒక్కటే. దాన్ని బట్టే ఎంతసేపు గడ్డకట్టించాలి, ఎప్పుడు వేడి గ్యాస్ పంపి ముక్కల్ని రాల్చాలి అని లెక్క వేసుకుంటుంది.

ఇక్కడ ఒక నిమిషం ఆగి మీరే ఆలోచించండి, సెన్సర్ తీగ తెగిపోతే బోర్డు ఏమనుకుంటుంది?

తెగితే రెసిస్టెన్స్ లెక్కలేనంత ఎక్కువ, అంటే బోర్డు దృష్టిలో విపరీతమైన చలి, ఐస్ అయిపోయిందనుకుని తొందరగా రాల్చేస్తుంది. షార్ట్ అయితే దానికి తలకిందులు, బోర్డుకి మండే ఎండలా కనిపిస్తుంది. చాలా మెషిన్లలో ఈ రెండూ జరిగితే బోర్డు కనిపెట్టేసి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, అది మనకి తేలిక కేసు. అసలు కష్టమంతా సగం పాడైన సెన్సర్‌తోనే, ఎర్రర్ ఉండదు, మెషిన్ నడుస్తూనే ఉంటుంది, ఐస్ మాత్రం తేడాగా వస్తుంది. కనెక్టర్‌లో పచ్చగా చిలుము పడితే అదనపు రెసిస్టెన్స్ కలిసి బోర్డుకి ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తుంది, ఐస్ పల్చబడుతుంది. సెన్సర్ తలలోకి తేమ దిగితే రెసిస్టెన్స్ పడిపోయి వేడిగా కనిపిస్తుంది, బోర్డు ఇంకా ఇంకా గడ్డకట్టిస్తూనే ఉంటుంది, అదిగో అతుక్కుపోయే లావు ముక్కలు అక్కడి నుంచే. సెన్సర్ మంచిదే అయినా పైపు మీద క్లిప్పు నుంచి జారి గాల్లో వేలాడుతుంటే కూడా ఇదే వరస, కాబట్టి మూత తీయగానే ముందు అది కళ్ళతో చూడండి, నా అనుభవంలో ఇది తక్కువేమీ కాదు.

ఇక పనిలోకి. ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. నీళ్ళు పూర్తిగా తీసేయండి. కంప్రెసర్ పక్కన కెపాసిటర్ ఉంటే ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటు ఉండొచ్చు, అటువైపు చెయ్యి పెట్టొద్దు. ఈ చిన్న మెషిన్లలో చాలావాటిలో ఆర్600ఏ గ్యాస్ ఉంటుంది, అది అంటుకునే గ్యాస్, కాబట్టి స్క్రూడ్రైవర్ జారి రాగి పైపుకి తగలకుండా చూసుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. నేను ప్రతి పాఠంలో ఇది చెప్తూనే ఉంటాను, విసుగు అనిపించినా సరే.

సెన్సర్ని ఎలా గుర్తుపట్టాలి అంటే, రెండు సన్నటి తీగలు వెళ్ళి చివర నల్లటి చిన్న బొట్టులోనో, చిన్న లోహపు టోపీలోనో ముగుస్తాయి. మోడల్‌ని బట్టి ఎవాపరేటర్ (వేళ్ళని చల్లబరిచే) పైపు మీదో, నీళ్ళ తొట్టి దగ్గరో ఉంటుంది. ఐస్ బుట్ట నిండిందని చెప్పే కంటి సెన్సర్ కూడా సన్న తీగలతోనే ఉంటుంది, అది చిన్న ఎల్ఈడీ బల్బులాగా ఉండి బుట్ట పక్క గోడల్లో ఎదురెదురుగా పెట్టి ఉంటుంది, దీన్ని చూసి అదనుకోకండి.

బోర్డు నుంచి సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మాత్రమే కొలవాలి, తగిలించి ఉండగా కొలిస్తే బోర్డులోని రెసిస్టర్ కూడా కలిసి తప్పు నంబర్ వస్తుంది. తీగ పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ పట్టుకుని లాగండి. మీటర్ కడ్డీలు రెండూ ఒకదానికొకటి తాకించి సున్నా దగ్గరికి వస్తోందా చూసుకుని, తర్వాత సెన్సర్ కొలవండి. కొలిచేటప్పుడు కడ్డీల లోహాన్ని వేళ్ళతో పట్టుకోకండి, మన ఒంటి రెసిస్టెన్స్ కూడా లెక్కలో కలుస్తుంది.

బాగా ఎక్కువగా వాడేది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ ఉండే రకం (రెసిస్టెన్స్‌ని ఓమ్స్‌లో కొలుస్తారు, కిలో అంటే వెయ్యి). దాని నంబర్లు సుమారుగా ఇలా ఉంటాయి: 0 డిగ్రీల దగ్గర 27 నుంచి 33 కిలో ఓమ్స్, 10 దగ్గర 18 నుంచి 20, 30 దగ్గర 8 చిల్లర, 40 దగ్గర 5 నుంచి 6. 5 కిలో ఓమ్స్ రకాలు కూడా ఉంటాయి, కాబట్టి మీ మెషిన్ సర్వీస్ కాగితంలో ఏముందో అదే ప్రమాణం. ఏ కాగితమూ దొరక్కపోతే నిష్పత్తి చూడండి, 25 దగ్గర ఎంతుందో 0 దగ్గర దానికి రెండు ముప్పావు నుంచి మూడుంబావు రెట్ల దాకా ఉండాలి.

గదిలో ఒక్కసారి కొలిచి 10 వచ్చింది కాబట్టి బాగుందనో, 8 వచ్చింది కాబట్టి పోయిందనో అనొద్దు, గది 30 డిగ్రీలుంటే 8 రావడమే కరెక్టు. రెండో కొలత ఐస్ నీళ్ళలో చెయ్యాలి. ఐస్ బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత మాత్రమే నీళ్ళు పోసి కలుపుతూ ఉంటే అది 0 డిగ్రీలకి వచ్చేస్తుంది, ఇంట్లో ఇంతకంటే నమ్మకమైన కొలత ఇంకోటి లేదు. సెన్సర్ తల అందులో ముంచి మూడు నాలుగు నిమిషాలు ఆగండి, కనెక్టర్ మాత్రం తడవకూడదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, దీని వల్ల నేను ఒక మంచి సెన్సర్ని పారేశాను. నా మీటర్ చేత్తో తిప్పి రేంజ్ మార్చే రకం, గదిలో 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో పెట్టి కొలిచాను, చక్కగా 9 చిల్లర వచ్చింది, అదే రేంజ్‌లో ఉంచి ఐస్ నీళ్ళలో ముంచితే నంబర్ పెరుగుతూ పెరుగుతూ పోయి ఒక్కసారిగా ఎడమ పక్కన 1 అని మాత్రం నిలబడింది, చల్లబడితే లోపల తెగిపోతోంది అనుకున్నాను. తెగలేదు, 20 దాటింది అంతే. చలిలో 30 చూపించాల్సిన సెన్సర్ని 20 రేంజ్‌లో కొలిస్తే ఇలాంటి మీటర్ అదే చూపిస్తుంది. కాబట్టి ఐస్ నీళ్ళలో పెట్టేముందు రేంజ్ 200 కిలో ఓమ్స్‌కి తిప్పండి, తానే రేంజ్ మార్చుకునే మీటర్ అయితే ఈ బాధ లేదు.

ఈ రకం సెన్సర్ డిగ్రీకి 4 నుంచి 5 శాతం దాకా మారుతుంది, అంటే కొలతలో 10 శాతం తేడా ఉంటే బోర్డు సుమారు 2 డిగ్రీలు తప్పుగా చదువుతోందన్నమాట. అంతకు మించి తేడా ఉంటే అనుమానించాల్సిందే. మీటర్ తగిలించే ఉంచి తీగని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి, ముఖ్యంగా కదిలే ట్రే పక్కనుంచి వెళ్ళే చోట. నంబర్ గెంతుతుంటే తీగ లోపల విరిగింది. తేమ అనుమానం ఉంటే సెన్సర్ని పొడి చోట ఒక రాత్రి ఉంచి, గది వేడి అంతే ఉన్నప్పుడు మళ్ళీ కొలవండి, మొదటిసారి కంటే బాగా పెరిగిందంటే తేమ దిగినట్టే, ఆరాక బాగానే పనిచేస్తుంది కదా అని మళ్ళీ పెట్టకండి, వారం తిరక్కముందే అదే కథ మొదలవుతుంది.

రెండు కొలతలూ సరిగ్గానే ఉండి ఎర్రర్ పోకపోతే? అప్పుడు సెన్సర్ బదులు బోర్డు కనెక్టర్లో 10 కిలో ఓమ్స్ మామూలు రెసిస్టర్ పెట్టండి (5 రకం అయితే 5కి దగ్గరది), మూత బిగించి నీళ్ళు పోసి ఆన్ చెయ్యండి. బోర్డు దాన్ని 25 డిగ్రీలు అనుకుంటుంది. ఎర్రర్ పోతే తప్పు సెన్సర్లోనో దాని తీగలోనో ఉంది, పోకపోతే బోర్డు వైపు ఉంది. రెండు నిమిషాలు చూసి ఆపేయండి, అలాగే వదిలేసి ఐస్ చేయించొద్దు, దానికి అసలు వేడి తెలియదు కదా.

వచ్చే పాఠంలో కొత్త సెన్సర్ అతికించి లోపలికి తేమ దిగకుండా సీల్ చెయ్యడం చూద్దాం. ఈలోపు మీ సెన్సర్ కొలతలు మూడు, గదిలో ఒకటి, ఐస్ నీళ్ళలో ఒకటి, పిడికిట్లో రెండు నిమిషాలు బిగించి పట్టుకున్నాక ఒకటి, పక్కన గది వేడి ఎంతో కూడా వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి, కొత్త సెన్సర్ కొనేటప్పుడు ఆ కాగితమే కావాలి.