పోపుల పాత నాణేలు: బొమ్మను చదివి సేకరించే పద్ధతి

1870లో రోము నగరం ఇటలీ రాజ్యంలో కలిసే వరకు పోపు మతగురువే కాక, మధ్య ఇటలీలో ఒక రాజ్యానికి ఏలిక కూడా. అందుకే ఆయనకు సొంత టంకశాలలు ఉండేవి. ఎనిమిదో శతాబ్దం చివర మొదటి హేడ్రియన్ కాలం నుంచే పోపు పేరిట నాణేలు వచ్చాయి. కొత్తగా సేకరించేవారు సాధారణంగా పోపు ముఖం స్పష్టంగా ఉన్న వెండి నాణెం కోసం వెతుకుతారు. నా సలహా వేరు. ముందుగా వంశచిహ్నాన్ని చదవడం నేర్చుకోండి, ఎందుకంటే ముఖం అరిగిపోయిన నాణెం కూడా ఆ చిహ్నంతో తన కాలాన్ని చెబుతుంది.

పోపుగా ఎన్నికైన వ్యక్తి తన కుటుంబ చిహ్నాన్ని డాలు ఆకారంలో వేయించేవాడు. దాని మీద మూడంతస్తుల కిరీటం, వెనుక అడ్డంగా పెనవేసిన పేతురు తాళపుచెవులు ఉంటాయి. డాలులో మూడు తేనెటీగలుంటే అది బార్బెరీని వంశస్థుడైన ఎనిమిదో అర్బన్‌ది. ఆలివ్ రెమ్మ పట్టిన పావురముంటే పదో ఇన్నోసెంట్‌ది. మూడు కుండలుంటే పన్నెండో ఇన్నోసెంట్‌ది. అయితే మెదిచీ వారి గుండ్రని బంతులు పదో లియోకూ ఏడో క్లెమెంట్‌కూ కూడా ఉన్నాయి కాబట్టి, చిహ్నం చూశాక చుట్టూ ఉన్న పేరునూ అంకెనూ తప్పక చదవాలి. లాటిన్ రాతలో ‘యు’ ఉండవలసిన చోట ‘వి’ ఆకారం కనిపిస్తుందని గుర్తుంచుకుంటే సగం చిక్కు తీరుతుంది.

తేదీ విషయంలో ఓపిక కావాలి. చాలా నాణేలపై క్రీస్తు శకం ఉండదు. ‘అన్నో’ అనే మాట పక్కన రోమన్ అంకెల్లో ఆ పోపు పాలనలో ఎన్నో ఏడో ఉంటుంది. ఆ లెక్క ఎన్నికతో మొదలవుతుంది. ఉదాహరణకు తొమ్మిదో పియస్ 1846 జూన్ 16న ఎన్నికయ్యాడు. అందువల్ల 1866లో ఆ తేదీకి ముందు నడిచింది ఇరవయ్యో ఏడు, తర్వాత ఇరవై ఒకటో ఏడు. ఈ పోపు నాణేలపై ఉండే ‘ఆర్’ అక్షరం రోము టంకశాలకూ, ‘బి’ బొలోన్యా నగరపు టంకశాలకూ గుర్తు.

ఒక పోపు మరణించి మరొకరు ఎన్నికయ్యే లోపు వేసిన నాణేలను ‘సేదె వాకాంతె’, అంటే ఖాళీ సింహాసనపు నాణేలు, అంటారు. వాటిపై పోపు ముఖం ఉండదు. తాళపుచెవుల మీద విప్పిన గొడుగు, దాని కింద ఆ ఖాళీ రోజుల్లో వ్యవహారాలు చూసే కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి మతాధికారి) చిహ్నం ఉంటాయి. ఇవి నాకు అత్యంత ప్రీతిపాత్రమైనవి.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టదలచినవారికి 1797 నాటి అయిదు బయోక్కీల రాగి నాణెం తగినది. దీన్ని ఇటాలియన్లు ‘మదొన్నీనా’ అంటారు. వంద బయోక్కీలు ఒక స్కూదో అనే పెద్ద వెండి నాణేనికి సమానం. నెపోలియన్ సేనల ఒత్తిడితో ఆ ఏడాది ఫిబ్రవరిలో తొలెంతీనో సంధి కుదిరి, రాజ్యంలోని వెండి భారీగా ఫ్రెంచివారికి తరలిపోయింది. ఆ కొరత తీర్చడానికి అనేక చిన్న పట్టణాల్లో రాగి నాణేలు ముద్రించారు. ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూడండి. మేలిముసుగు వేసుకున్న మరియ తల, చుట్టూ ‘దేవుని పవిత్ర మాత’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటలు కనిపిస్తాయి. బొరుసు వైపు విలువతో పాటు పట్టణం పేరు ఉంటుంది. తొందరలో వేసినవి కాబట్టి అక్షరాలు పక్కకు జరిగి ఉండడం, అంచు వంకరపోవడం ఇక్కడ లోపంగా లెక్కకు రాదు. పెరూజా, ఫెర్మో, మచెరాతా, గుబ్బియో ఇలా పట్టణం వారీగా కూర్చితే, ఒక రాజ్యం కుదేలైన కాలం అరచేతిలోకి వస్తుంది.

స్తోమత ఉన్నవారు పదకొండో ఇన్నోసెంట్ కాలపు టెస్టోనె అనే వెండి నాణేన్ని వెతకవచ్చు. అందులో బొమ్మకు బదులు ‘తీసుకోవడం కన్నా ఇవ్వడం మేలు’ అనే వాక్యమే బొరుసంతా పరుచుకొని ఉంటుంది. 1675 పవిత్ర సంవత్సరంలో పదో క్లెమెంట్ వేయించిన పెద్ద వెండి నాణెంపై అలాంటి సంవత్సరాల్లో మాత్రమే తెరిచే చర్చి తలుపు, అంటే పరిశుద్ధ ద్వారం, దృశ్యం ఉంది. ఏడో క్లెమెంట్ కోసం ప్రసిద్ధ శిల్పి, స్వర్ణకారుడు బెన్వెనూతో చెల్లీనీ చెక్కిన అచ్చుతో వేసిన నాణెంలో, నీటిలో మునుగుతున్న పేతురును క్రీస్తు పైకి లేపుతాడు. ‘ఎందుకు సందేహించావు’ అన్నది దాని మీది మాట.

కొనే ముందు నాణేన్ని నిలువుగా పట్టుకొని పైఅంచును తప్పక పరీక్షించాలి. కాసులపేరులో కాసుకు కొక్కెం అతికించినట్లే, భక్తులు ఈ నాణేలకు కొక్కేలు పెట్టి మెడలో ధరించేవారు. కొక్కెం తీసి అంచును నున్నగా అరగదీసిన నాణేన్ని మంచిదని నమ్మి నేనొకసారి పూర్తి ధర చెల్లించాను. వెలుతురులో తిప్పి చూసి ఉంటే పైన ఉన్న చదునైన మచ్చ కనిపించేది. పోపుల పేరిట వచ్చిన పతకాలను కూడా నాణేలని అమ్ముతుంటారు. పాత వెండి నాణేలపైనా చాలాసార్లు విలువ రాసి ఉండదు కాబట్టి, విలువ లేదన్న ఒక్క కారణంతో తేల్చవద్దు. బరువు, వ్యాసం తీసుకొని నమోదైన నాణెంతో పోల్చాలి.

ఇంటికి తెచ్చాక చింతపండుతోగానీ నిమ్మరసంతోగానీ తోమకూడదు. రాగిపై శతాబ్దాలుగా పేరుకున్న గోధుమరంగు పొర ఒకసారి పోతే తిరిగి రాదు, దానితోపాటు నాణెం విలువా పడిపోతుంది. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కాకుండా ఆమ్లం లేని కాగితపు కవరులో ఒక్కొక్కటిగా ఉంచి, పోపు పేరు, పాలనా సంవత్సరం, టంకశాల, కొన్న తేదీ, ధర ఆ కవరుపైనే రాసిపెట్టండి. నాణేన్ని లోపల పెట్టకముందే రాస్తే కలం ఒత్తిడి దాని మీద పడదు.