ఫాంటసీ సాహిత్యం ఆన్‌లైన్ క్విజ్: జట్టుగా ఆడటం ఎలా?

క్విజ్‌లో ఓడిన జట్టును ఎవరినైనా కదిపి చూడండి. "ఆ జవాబు మావాళ్లలో ఒకరు చెప్పారండీ, మేమే వినిపించుకోలేదు" అనే మాట వచ్చి తీరుతుంది. తెలియక పోగొట్టుకున్న పాయింట్లకు ఎవరూ పెద్దగా బాధపడరు. నోటిదాకా వచ్చిన జవాబు తెర మీదికి ఎక్కకపోతేనే ఆ రాత్రి నిద్ర పట్టదు. నా దృష్టిలో జట్టుకు ఉన్న పని ఒక్కటే: తెలిసినవారి మాట టైమర్ ఆగేలోపు టైపు చేసేవారి చెవిన పడాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ అందుకే.

ఇలాంటి పోటీల్లో సాధారణంగా నలుగురి నుంచి ఆరుగురి వరకు ఒక జట్టు. అందరూ ఫోనులోనో కంప్యూటర్‌లోనో మాట్లాడుకుంటారు, ఒక్కరు మాత్రమే జవాబు నమోదు చేస్తారు. ప్రశ్నకు అర నిమిషమో నిమిషమో గడువు. మన గోదావరి జిల్లాల జట్టయితే అమలాపురంలో ఒకరు, పాలకొల్లులో ఒకరు, భీమవరంలో ఇద్దరు, కువైట్‌లో ఉద్యోగం చేసుకుంటున్న రాజోలు అబ్బాయి ఒకడు ఉంటారు. ఆ దూరాన్ని దృష్టిలో పెట్టుకునే మొదలుపెడదాం.

మొదట అలమరాలు పంచుకోండి

స్నేహితులను పోగు చేస్తే జట్టు కాదు. ఐదుగురూ హ్యారీ పాటర్ కంఠతా పట్టినవారే అయితే ఆ ఐదుగురూ కలిసి ఒక్క మనిషితో సమానం. చదివిన పుస్తకాలు వేరువేరుగా ఉన్నవారిని వెతకండి. ఒక్కొక్కరికి అప్పగించే పుస్తకాల వాటాను ఒక అలమర అనుకుందాం. ఒకరికి టోల్కిన్, సి.ఎస్. లూయిస్, లూయిస్ కారల్, అర్సులా లెగ్విన్ వంటి పాత తరం. మరొకరికి రౌలింగ్, మార్టిన్, ప్రాచెట్. ప్రాచెట్ ఒక్కడే డిస్క్‌వరల్డ్ వరుసలో 41 నవలలు రాశాడు కాబట్టి ఆ భారం మోసేవారికి ఇంకేమీ అప్పగించకండి.

మూడో అలమర మనది. అంతర్జాతీయ పోటీల్లో భారతీయ కథల ప్రశ్నలు తక్కువే. వచ్చినప్పుడు మాత్రం మిగతా జట్లు తెల్లమొహం వేస్తాయి, అక్కడ మనం వదులుకోకూడదు. గుణాఢ్యుడి బృహత్కథ, దాన్ని ఆధారం చేసుకుని 11వ శతాబ్దంలో కశ్మీరులో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరం, పింగళి సూరన కళాపూర్ణోదయం, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు, 1947 జులైలో మొదలైన చందమామ, అందులో దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు వేసుకోకుండా రాసిన సీరియళ్లు ఇవన్నీ ఒకరి బాధ్యత. ఇంట్లో అమ్మమ్మకో తాతగారికో పాత చందమామలు గుర్తుంటే ఆ బాధ్యత వారికే ఇవ్వండి. కాశీమజిలీలు పన్నెండు భాగాలు. అన్నీ ఇంట్లో ఉండవు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట కూర్చుని చదవవలసిందే.

ప్రతి అలమరకు ఒక యజమాని, ఒక సహాయకుడు ఉండాలి. యజమాని ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఆ అలమర మొత్తం మూతపడకూడదు కదా.

ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి

కెప్టెన్, టైపు చేసేవారు, సమయం చూసేవారు. ఈ ముగ్గురూ వేరువేరు మనుషులైతే మంచిది. జట్టులో అందరికంటే ఎక్కువ చదివినవారిని కెప్టెన్ చేయడం చాలామంది అలవాటు, నాకది నచ్చదు. ఎక్కువ చదివినవారు జవాబు కోసం ఆలోచిస్తుంటే మిగతావారి మాట వినేదెవరు? వినే ఓపిక ఉన్నవారిని కెప్టెన్ చేయండి. టైపు చేసేవారికి రెండే అర్హతలు: నిలకడైన ఇంటర్నెట్, ఇంగ్లీషు స్పెల్లింగు. మనం పేర్లు తెలుగులో పలుకుకుంటాం, జవాబు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కావాలి. తరచూ వచ్చే పేర్లతో ఒక గూగుల్ షీట్ ముందే తయారుచేసుకోండి. మన పేర్లకు రెండు మూడు రూపాలుంటాయి, వాటినీ అందులో రాయండి. దగ్గరి స్పెల్లింగును ఒప్పుకుంటారో లేదో నిబంధనల్లో చూసుకోండి.

గడియారం, కరెంటు

పోటీ లండన్ సమయం ప్రకారం రాత్రి 8 గంటలకు అని ఉంటే మనకు చలికాలంలో తెల్లవారుజామున 1.30, వేసవిలో అర్ధరాత్రి 12.30. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ వారాల్లో వాట్సాప్ గ్రూపులో మన సమయం, కువైట్ సమయం రెండూ రాసి పెట్టండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక.

అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలం కూడా. కోనసీమలో కొబ్బరి మట్ట తీగ మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. వై-ఫైకి ఇన్వర్టర్ ఉన్నా, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను పక్కన పెట్టుకోండి. టైపు చేసేవారి లైను తెగితే సహాయకుడు లాగిన్ కావడానికి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందురోజే చూసుకోవాలి.

ప్రశ్నను ఎలా చదవాలి

ఒకరు ప్రశ్నను పైకి చదవాలి. సమయం చూసేవారు ప్రశ్నలోని షరతును మాత్రమే పట్టుకోవాలి. "నార్నియా వరుసలో మొదటి పుస్తకం" అంటే ఏది? సి.ఎస్. లూయిస్ రాసిన ఈ వరుసలో ముందుగా అచ్చయినది 1950 నాటిది. కథాకాలం ప్రకారం మొదటిది 1955లో వచ్చింది. ప్రశ్నలో ఏ మాట ఉందో ఒకరు బిగ్గరగా చెప్పకపోతే ఇద్దరు రెండు సరైన జవాబులతో పోట్లాడుకుంటారు. టోల్కిన్ లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కూ ఇదే చిక్కు: 1954, 1955లలో మూడు సంపుటాలుగా వచ్చింది, లోపల మాత్రం ఆరు "పుస్తకాలు" ఉన్నాయి. అడిగింది సంపుటాలా, పుస్తకాలా?

జవాబు ఎలా చెప్పాలి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. మన జట్లు చిత్తయ్యేదీ ఇక్కడే, దానికి కారణం మన మర్యాద. జట్టులో ఒక మాష్టారు ఉంటారు, ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉంటుంది. మాష్టారు ఒక జవాబు అన్నాక ఆ అమ్మాయి, "మాష్టారూ, మీకు తెలియదని కాదండీ, నేను ఎక్కడో వేరేలా చదివినట్టు..." అని మొదలుపెట్టేసరికి టైమర్ అయిపోతుంది. భోజనాల దగ్గర ఎంతో బాగుండే ఈ "అండీ"లు ముప్పై సెకన్లలో ఇమడవు.

అందుకని రెండు పద్ధతులు పెట్టుకోండి. మొదటిది, ప్రశ్న వచ్చాక తొలి పది సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. తోచింది చాట్‌లో రాయాలి. పెద్దవారి మాట ముందు వినపడితే చిన్నవారి వేళ్లు ఆగిపోతాయి. అందరూ ఒకేసారి రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

రెండోది, ప్రతి జవాబు వెంట ఒక అంకె. మూడు అంటే పుస్తకంలో స్వయంగా చదివాను, బాగా గుర్తుంది. రెండు అంటే గట్టిగానే అనిపిస్తోంది, పందెం మాత్రం కాయను. ఒకటి అంటే ఊహ. జవాబు, అంకె చెప్పి ఆగాలి. వివరణ ఎవరైనా అడిగితేనే.

"ఆజ్ మాంత్రికుడి కథలో, మూల నవల ప్రకారం, డొరొతీ తొడుక్కున్న బూట్లు ఎలాంటివి?" అని ప్రశ్న వచ్చిందనుకుందాం.

మాష్టారు: "కెంపులవి. రెండు."

అమ్మాయి: "వెండివి. మూడు."

కెప్టెన్: "మాష్టారూ, మీరు ఎక్కడ చూశారండీ?"

మాష్టారు: "సినిమాలో."

కెప్టెన్: "వెండి పెట్టండి."

పది సెకన్లలో తేలిపోయింది. 1900 నాటి నవలలో వెండి బూట్లు, 1939 సినిమాలో కెంపులవి. ఇక్కడ ఎవరి పరువూ పోలేదు, ఓడింది రెండు అనే అంకె. సినిమాకూ పుస్తకానికీ తేడా ఉన్న చోట్ల క్విజ్‌వాళ్లు వల పన్నుతూనే ఉంటారు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో గాయపడిన ఫ్రోడోను ఎక్కించుకున్న గుర్రం పుస్తకంలో గ్లోర్ఫిండెల్‌ది, సినిమాలో తీసుకువెళ్లింది ఆర్వెన్. అందుకే "ఎక్కడ చూశారు" అనే ప్రశ్న కెప్టెన్ నాలుక మీద ఉండాలి. ఇద్దరు వేరువేరు జవాబులు చెప్పి ఇద్దరూ మూడు అన్నప్పుడు కూడా అదే అడగాలి. చోటు చెప్పగలిగినవారిదే జవాబు.

ఓటింగు మాత్రం పెట్టకండి. ముగ్గురు ఊహించినది ఒకరు చదివినదాన్ని ఓడించడం కంటే అన్యాయం క్విజ్‌లో లేదు. పోటీ అయ్యాక ఎవరు మూడు అని చెప్పిన జవాబులు ఎన్ని నిజమయ్యాయో షీట్‌లో చూసుకోండి. మూడు అని తరచూ తప్పేవారిని కొన్నాళ్లు రెండుకు దిగమని చెప్పడం కెప్టెన్ పని. కాస్త నొచ్చుకుంటారు, ఫర్వాలేదు.

ముక్కలు కూడా పైకి అనండి

పూర్తి జవాబు రాకపోతే నోరు మూసుకునేవారు జట్టుకు ఎక్కువ నష్టం చేస్తారు. సోమదేవుడు కథాసరిత్సాగరాన్ని ఎవరి కోసం రాశాడన్నది ప్రశ్న. "కశ్మీరు రాణి. అనంతుడి భార్య. పేరు రావడం లేదు" అని ఒకరు, "సూర్యుడి పేరు ఉంటుంది అందులో" అని ఇంకొకరు, "సూర్యవతి!" అని కువైట్ నుంచి మూడో గొంతు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ విడిగా ఆ పాయింటు రాదు.

ఇక ఏ రౌండుకు పాయింట్లు రెట్టింపు చేసుకోవాలో ఎంచుకునే అవకాశం ఉంటే, యజమాని, సహాయకుడు ఇద్దరూ లైనులో ఉన్న అలమరకే వాడండి. గూగుల్ తెరిచి చూసేవారు జట్టులో ఉంటే ఆ జట్టు మానేయండి, దాని మీద ఇంతకంటే మాటలు అనవసరం.

సాధన

వారానికి ఒకరోజు ఒక్కొక్కరు తమ అలమర నుంచి ఐదు ప్రశ్నలు తయారుచేసి మిగతావారిని అడగాలి. ప్రశ్న తయారుచేసినప్పుడే ప్రశ్నలు వేసేవారి బుద్ధి అర్థమవుతుంది. వారికి మొదటివి, చివరివి, పొడి అక్షరాలు ఇష్టం. లెగ్విన్ పేరు మధ్యలో ఉన్న "కె" క్రోబర్ అనీ, టోల్కిన్ మూడు పొడి అక్షరాలు జాన్ రోనాల్డ్ రూయెల్ అనీ అలాగే ఒంటబడతాయి.

ఫలితం వచ్చాక

సరైన జవాబును తప్పుగా లెక్కించారనిపిస్తే ఆవేశంగా ఐదుగురూ రాయకండి. ఆ అలమర యజమాని ఒక్కరే, గడువులోగా, పుస్తకం పేరు, ముద్రణ, అధ్యాయం చూపిస్తూ నాలుగు వాక్యాల్లో రాయాలి. నిర్వాహకులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ ప్రశ్నను షీట్‌లో ఎక్కించండి, పక్కన ఆ రోజు ఎవరు ఏ జవాబు చెప్పారో, ఏ అంకె ఇచ్చారో కూడా రాయండి. తర్వాతి వారం సాధన ఆ వరుస నుంచే మొదలుపెట్టవచ్చు.