గోదావరి డెల్టాలో డిజైన్‌ని చూడటం ఎలా? కాలువ గట్టు నుంచి మండువా దాకా

కోనసీమలో అడుగు పెట్టగానే ఫోన్ తీసి కొబ్బరిచెట్లని క్లిక్ చేసేస్తాం. ఫొటో బాగానే వస్తుంది. ఆ చోటు ఎందుకంత బాగుందని ఎవరైనా అడిగితే మాత్రం "పచ్చగా ఉంది కదండీ" అని ఊరుకుంటాం. అది సగం జవాబే. గీత, ఆకారం, ఖాళీ జాగా, వెలుగునీడలు, గరుకు నునుపులు, రంగు... డిజైన్ చదువుకునేవాళ్లకి మొదట చెప్పే పాఠాలు ఇవి. గోదావరి డెల్టాలో ఇవన్నీ కళ్లెదుటే ఉన్నాయి. పైగా ఇక్కడ దాదాపు ప్రతి గీత వెనకా నీళ్లో, గాలో, వానో ఒక కారణంగా నిలబడి ఉంటుంది. ఆ కారణాన్ని వెతుక్కుంటూ చూస్తే కన్ను త్వరగా పదునెక్కుతుంది. బొమ్మలు వేసేవాళ్లకే కాదు, ఫొటోలు తీసేవాళ్లకీ, కొత్తగా ఇల్లు కట్టుకోబోయేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి తక్కువే: గీతల్లేని నోట్‌బుక్, మెత్తటి పెన్సిల్, కొలిచే టేపు, ఫోన్. రంగులు మొదటిరోజు వద్దు.

1. కాలం చూసుకుని వెళ్లండి

జులై, ఆగస్టుల్లో సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులప్పుడు పొలాల్లో నీళ్లు నిలిచి, ఆకాశం పైనా కిందా కూడా కనిపిస్తుంది. వరద రోజుల్లో గోదారి ఎర్రనీటితో నిండుగా వస్తుంది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు. నీటి అందం కోసమైతే ఆ రోజుల్లో వెళ్లకండి. లాకుల తలుపులు, వంతెనల కాళ్లు, రాతికట్టుబడి చూడాలనుకుంటే మాత్రం అప్పుడే వెళ్లాలి, అన్నీ బయటపడి ఉంటాయి. రోజులో పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక నీడలు పొడుగ్గా పడతాయి. మిట్టమధ్యాహ్నం ఇళ్ల లోపల చూడటానికి వాడుకోండి.

2. గట్టెక్కి గీతలు పట్టుకోండి

ఏదో ఒక పంటకాలువ గట్టు ఎక్కి నిలబడండి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలం. చాలాచోట్ల కాలువ నీళ్లు పొలం కన్నా ఎత్తులో ఉన్నట్టు గమనిస్తారు. పంటకాలువని మెరక వెంబడి తవ్వుతారు, నీరు తనంతట తానే రెండు వైపులా పల్లానికి పారుతుంది. మురుగు కాలువ పల్లంలో పోతుంది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టా అంతటా ఈ కాలువల అల్లిక పరుచుకుంది. రోడ్లు గట్ల మీదే పడ్డాయి, ఆ గట్ల వెంబడే చాలా ఊళ్లు పొడుగ్గా సాగాయి. అంటే ఇక్కడి దృశ్యానికి అడ్డగీత వేసింది నీటి వాలే.

ముందు ఆ అడ్డగీతలే గీయండి: నీటి అంచు, గట్టు, పొలం గట్లు, దూరాన తోట పైఅంచు. నాలుగైదు చాలు. తర్వాత నిలువు గీతలు. తాడిచెట్టు నిటారుగా నిలబడుతుంది. కాలువ ఒడ్డున కొబ్బరి అలా ఉండదు, నీటి మీద వెలుగు ఎక్కువ కాబట్టి అటు వాలి పెరుగుతుంది. అడ్డగీతలూ నిలువు గీతలూ మాత్రమే ఉంటే బొమ్మ కదలకుండా నిలబడిపోతుంది, ఆ వాలు గీత పడగానే అందులోకి కదలిక వస్తుంది. ఆకులు, మట్టలు గీయకండి. ఆకుల జోలికి వెళితే గీత తప్పిపోతుంది.

వీలైతే కోనసీమలోని పి.గన్నవరం అక్విడక్టు దగ్గరికి కూడా వెళ్లండి. కింద గోదారి వైనతేయ పాయ, పైన దాన్ని దాటుకుంటూ కాలువ. నీరు నీటిని రెండు ఎత్తుల్లో అడ్డంగా దాటే చోటు అది. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పాత అక్విడక్టుకి 49 కమానులు. 2000లో వచ్చిన కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఒకే కొలత కమాను మళ్లీ మళ్లీ వస్తే కంటికి లయ ఎలా పుడుతుందో ఇలాంటి కట్టడం చూస్తే అర్థమవుతుంది.

3. ఇంటిని బయటి నుంచి ఒకే ఆకారంగా చూడండి

పాత పెంకుటిల్లు ఎదురుగా నిలబడి కళ్లు సగం మూయండి. వివరాలు పోయి మూడు ముక్కలు మిగులుతాయి: కింద అరుగు, మధ్యలో నీడ, పైన పెద్ద కప్పు. గోడ దాదాపు కనపడదు. కప్పు అంత పెద్దదిగా, చూరు అంత కిందికి ఎందుకుందంటే, వాన గోడని తడపకూడదు, మధ్యాహ్నపు ఎండ గుమ్మంలోకి రాకూడదు. అరుగు ఎత్తుగా ఉండటానికి కారణం వరద, తేమ.

కప్పు నాలుగు వైపులా వాలి ఉందా, రెండు వైపులేనా చూడండి. నాలుగు వాలుల కప్పుని తుఫాను గాలి ఏ పక్క నుంచి వచ్చినా పట్టుకోవడం కష్టం. రెండు వాలుల ఇంటికి చివర నిలువు గోడ ఉంటుంది, గాలి దాన్ని గట్టిగా తోస్తుంది. కోస్తాలో ఒకప్పుడు బాగా ఉండే చుట్టిల్లు ఇంకో మెట్టు పైన. గుండ్రటి మట్టిగోడ, కోసుగా లేచిన తాటాకు కప్పు, చాలా కిందికి దిగిన చూరు. గాలికి ఆనడానికి మూల దొరకదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకి కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలాయి. ఆ గాలిని తలుచుకుంటే ఈ ఆకారాలు ముచ్చట కోసం పుట్టినవి కావని తెలుస్తుంది.

కొత్తగా స్లాబు ఇల్లు కట్టేవాళ్లకి ఒక మాట. చాలామంది ఎలివేషన్ కోసం ముందు గోడకి బోలెడు ఖర్చుపెట్టి, కిటికీ మీద సన్‌షేడ్‌ని జానెడుకి కుదించేస్తున్నారు. ఈ వానలకి అది సరిపోదు. పాత ఇంటి నుంచి ఒక్కటే తీసుకోగలిగితే చూరుని తీసుకోండి.

4. మండువాలో ఒక మూల కూర్చోండి

దీనికి ఎక్కువ సమయం ఉంచుకోండి, డెల్టా ఇళ్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. తెలియని ఇంటికైతే ముందు అరుగు దగ్గర ఆగి, "అమ్మగారూ, ఇల్లు ఒకసారి చూడొచ్చాండీ? బొమ్మ గీసుకుంటాను" అని అడగండి. ఫోన్ జేబులోనే ఉంచండి. మాటామాటా కలిశాక ఫొటో సంగతి అడగొచ్చు. చాలామంది "ఆయ్, రండి" అని లోపలికి పిలుస్తారు.

మండువా లోగిలి అంటే ఇంటి నడుమ కప్పులేని చోటు. చుట్టూ వసారా, దాన్ని మోసే స్తంభాలు, వసారా వెనక గదులు. కప్పు లోపలి వైపుకి కూడా వాలుతుంది కాబట్టి వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. రెండు వాలులు కలిసే మూలల్లో నీటిధార లావుగా దిగుతుంది. వానరోజున వెళ్లగలిగితే కప్పు నాలుగు గీతలూ నీటితో కనిపిస్తాయి.

ఇక్కడ మూడు అభ్యాసాలు చేయండి.

మొదటిది ఖాళీని గీయడం. తల పైకెత్తి, పెంకుల్ని కాకుండా ఆకాశం ముక్కని గీయండి. దాని నాలుగు అంచులు సరిగ్గా వస్తే కప్పు దానంతట అదే వచ్చేస్తుంది. లేని చోటే ఇంటికి నడిబొడ్డు అని అప్పుడు చేతికే తెలుస్తుంది.

రెండోది వెలుగునీడలు. మూడు వన్నెలే వాడండి. మండువా నేల తెల్లగా వదిలేయండి, వసారాకి బూడిద రంగు, గదుల గుమ్మాలకి నలుపు. గదులకి బయటి కిటికీలు తక్కువ, వెలుగు ఎక్కువగా నడిమధ్య నుంచే రావాలి. అందుకే ఈ మెట్లు ఇంత స్పష్టంగా ఉంటాయి. వేడిగాలి మండువా నుంచి పైకి పోతుంది, గుమ్మాల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వెలుగు దారీ గాలి దారీ ఒకటే.

మూడోది సింహద్వారంలో నిలబడి పెరటి వైపు చూడటం. చాలా ఇళ్లలో గుమ్మాలు ఒకే వరుసలో ఉంటాయి. ద్వారబంధంలో ద్వారబంధం, దానిలో ఇంకోటి, చిట్టచివర పెరటి పచ్చదనం. ఒక్కో చట్రం ఎంత చిన్నదవుతోందో పెన్సిల్‌ని చాచి పట్టుకుని కొలవండి. లోతుని కాగితం మీదికి తెచ్చే పాఠం దీనికన్నా తేలిగ్గా ఎక్కడా దొరకదు.

స్తంభాల గురించి అడిగితే ఇంటివాళ్లు "బర్మా టేకండీ" అని గర్వంగా చెబుతారు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకి ఒకప్పుడు ఓడలు తిరిగేవి, మనుషులూ సరుకూ అటూ ఇటూ వెళ్లేవి. స్తంభం కింద రాతి దిమ్మ ఉందేమో చూడండి. నేల తడి కర్రకి ఎక్కకుండా అది ఆపుతుంది, కంటికేమో స్తంభానికి ఒక పాదం ఇస్తుంది.

5. గరుకుని చేత్తో తెలుసుకోండి

పల్చటి కాగితాన్ని పెంకు మీద, తాడి దూలం మీద, పాత తలుపు చెక్కడం మీద ఆనించి పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దండి. ఒక్కో వస్తువూ తన గుర్తు తానే వేస్తుంది. నాటు పెంకు, బంగాళా పెంకు పక్కపక్కన తీసుకోండి. మొదటిది చేతిపని, వంపు వంపుకీ తేడా ఉంటుంది. రెండోది అచ్చులో నొక్కి చేసింది, వరస చెదరదు.

6. రంగు ఆఖర్న

రంగుని ముందే చూస్తే మిగతావి కనపడవు, అందుకే ఇంతసేపు ఆపాను. డెల్టాలో పచ్చ ఒక్కటి కాదు. ఊడ్చిన వరి పసుపు కలిసిన పచ్చ, అరటి లేతపచ్చ, కొబ్బరి ముదురుపచ్చ. ఇన్ని పచ్చల నడుమ సున్నం వేసిన గోడ, గడప పసుపు, పడవకి వేసిన నీలం కొద్దిగా ఉన్నా బలంగా నిలబడతాయి. ఈ సంగతి ఊరంత కొలతలో చూడాలంటే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. వెదురు కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ పచ్చటి చేలల్లోంచి, కాలువలోంచి తీసుకొస్తారు. అంత చదునైన నేల మీద నిలువుగా కదిలే ఎరుపు ఎంత దూరం నుంచైనా కన్ను లాగుతుంది.

7. గుడినీ వంతెననీ ఒకే రోజు పోల్చండి

పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం తొమ్మిది అంతస్తులు. పైకి వెళ్లేకొద్దీ అంతస్తు కొలత తగ్గుతుంది కాబట్టి ఉన్న ఎత్తు కన్నా ఎక్కువ అనిపిస్తుంది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన చదునైన గీతగా సాగితే, 1997లో వచ్చిన ఆర్చి వంతెన విల్లు తర్వాత విల్లుగా ఒకే కొలతలో సాగుతుంది. గోపురానిది తగ్గుతూ పోయే లయ, ఆర్చి వంతెనది తగ్గని లయ.

8. ఒక ఇల్లు కొలిచి ఉంచండి

మండువా ఇళ్లు ఏటా తగ్గిపోతున్నాయి. కలపకీ పెంకుకీ ధర వస్తోంది, వారసులు ఊళ్లో ఉండటం లేదు, నిలబెట్టుకోవడం నిజంగా ఖర్చుతో కూడిన పని. కాబట్టి మీకు తెలిసిన ఒక్క ఇంటికైనా కొలతలు తీయండి. అరుగు ఎత్తు, చూరు నేలకి ఎంత ఎత్తులో ఉంది, మండువా పొడవు వెడల్పు, స్తంభం ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, గోడ మందం. వీటితో ప్లాను, నిలువు కోత (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) రెండూ గీయొచ్చు. ఉత్తరం దిక్కు, తేదీ, ఊరు పేరు కాగితం మీద రాసి, కాపీ ఒకటి ఇంటివాళ్లకి ఇవ్వండి. ఇల్లు విప్పే ఆలోచనలో ఉన్నవాళ్లయితే పని మొదలుపెట్టే ముందు కబురు చేయమని అడగండి. దూలాలు కిందికి దించినప్పుడే వాటి కీళ్లు ఎలా తొలిచారో, వడ్రంగి ఎక్కడ గుర్తు పెట్టుకున్నాడో దగ్గరగా చూసి గీసుకోగలుగుతారు.