దమ్ముకు ముందే చూసుకోవాలి: మినీ ట్రాక్టర్‌కు అదనపు లైట్లు, పంపులు కలిపేటప్పుడు కప్లర్ల విషయంలో జాగ్రత్తలు

దమ్ము పనులు మొదలైతే మినీ ట్రాక్టర్ పగలూ రాత్రీ బురదలోనే ఉంటుంది. వెనుక ఫోకస్ లైటు, మందు కొట్టే పంపు, వెనుక తగిలించే ట్రక్కుకు ఎర్ర దీపాలు అదనంగా బిగించుకోవాలనుకునే రైతులు ఆ పనిని వానలు పడకముందే, బండి పొడిగా ఉన్నప్పుడే ముగించుకోవడం మంచిది. నాట్ల హడావుడిలో హెడ్‌లైట్ వైరు పైతొడుగు ఒలిచి, దానికి మరో వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి వదిలేయడం మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి, అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతి కూడా అదే. టేపు బురదనీటిని ఆపదు. లోపలికి చేరిన తేమకు రాగి మీద చిలుము పడుతుంది, చిలుము పట్టిన అతుకు దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి వైరు తొడుగు కరుగుతుంది. డీజిల్ పైపుల పక్కగా వెళ్లే వైర్ల కట్టలో ఇది జరిగితే బండి అంటుకోవచ్చు.

అందువల్ల వైరును కోసే ముందు, కంపెనీ వదిలిపెట్టిన ఖాళీ కప్లర్ (వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఏదైనా ఉందేమో వెతకాలి. అదనపు లైట్ల కోసమో, ట్రక్కు దీపాల కోసమో ఉద్దేశించిన కప్లర్లను వాడకపోయినా వైర్ల కట్టలోనే ఉంచి, మూత పెట్టి లేదా టేపుతో కట్టకే చుట్టి వదిలేయడం తయారీదారులకు అలవాటు. ఫ్యూజు పెట్టె వెనుక, డాష్‌బోర్డు కింద, సీటు కింద, వెనుక మడ్‌గార్డుల లోపలి వైపు నిదానంగా చూస్తే ఇవి దొరికే అవకాశం ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలోని వైరింగ్ బొమ్మను, ఫ్యూజు పెట్టె మూత మీద ఉన్న గుర్తులను దగ్గర పెట్టుకుని వెతికితే పని తేలికవుతుంది.

కప్లర్ దొరికినంత మాత్రాన అందులో లైటు పెట్టేయకూడదు. తాళం తీసినప్పుడు, వేసినప్పుడు, హెడ్‌లైటు వెలిగించినప్పుడు ఏ పిన్నుకు కరెంటు వస్తున్నదో మల్టీమీటరుతో గానీ, ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే టెస్ట్ ల్యాంపుతో గానీ చూసుకోవాలి. అయితే సన్నని వైర్లున్న కప్లర్ సెన్సరుకో, కంపెనీ మెకానిక్కు లోపాలు చూసే యంత్రానికో సంబంధించినది కావచ్చు. అటువంటి దానికి టెస్ట్ ల్యాంపు కూడా ఆనించకుండా వదిలేయాలి.

ఇక దానికి సరిపోయే జత కప్లర్ కోసం బజారుకు వెళ్లేటప్పుడు నోటి మాటగా వర్ణించడం కన్నా ఫొటో తీసుకుని వెళ్లడం నయం. కప్లర్ ముఖాన్ని, పక్కభాగాన్ని, లాకును, పక్కన స్కేలు పెట్టి తీయాలి. పిన్నులెన్ని, పిన్ను వెడల్పు ఎంత, బండి వైపున్నది ఆడదా మగదా, రబ్బరు సీలు ఉందా లేదా అన్నవి రాసుకోవాలి. చాలా కప్లర్ల ప్లాస్టిక్ మీద తయారీదారు పేరో, సంఖ్యో అచ్చు పోసి ఉంటుంది, యజాకి, సుమిటొమొ, టీఈ వంటి పేర్లు చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. ఆ సంఖ్య ఉంటే దుకాణదారుడు ఊహించనక్కరలేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండ్ల వైరింగ్ నుంచి కొంత వైరుతో సహా కోసిన కప్లర్లు కూడా దొరకవచ్చు. పిన్నులు నల్లబడకుండా, లాకు విరగకుండా ఉంటే అవీ పనికొస్తాయి. సరిపోయేది దొరకకపోతే ఉన్నదానిలోకి బలవంతంగా లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) దూర్చడం కన్నా, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే లైను లాగి, రెండు కొసలకూ రబ్బరు సీలున్న కొత్త జత వేసుకోవడం మేలు.

లెక్క దగ్గర తొందరపడకూడదు. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండు వేస్తే 9 దాటుతుంది. 10 ఆంపియర్ల కరెంటు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 4 మీటర్లు వెళ్లి 4 మీటర్లు తిరిగి వచ్చేసరికి దాదాపు ఒక వోల్టు పోతుంది, లైటు మందగిస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల నీలిరంగు ఫ్యూజు ఇటువంటి జతకు తగినవి. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా ఆపేదేమీ ఉండదు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయడం, వెండికాగితం చుట్టడం ఎంతమాత్రం తగదు, కారణం వెతకాలి. ఇంత కరెంటును చిన్న స్విచ్చు గుండా నడపకుండా రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరం) వేయించాలి. రిలే పిన్నుల మీది అంకెల్లో 30కి బ్యాటరీ లైను, 87కి లైటు, 85, 86లలో ఒకదానికి స్విచ్చు నుంచి, రెండోదానికి ఎర్తు వస్తాయి. ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు మీద 36 ఆంపియర్లని రాసి ఉంటే అదంతా మన లైట్లకే అనుకోకూడదు. ఇంజిను తక్కువ వేగంలో ఉన్నప్పుడు అంత రాదు, బ్యాటరీ చార్జింగుకు కూడా అందులోనే మిగలాలి.

ట్రక్కుకు వాడే గుండ్రని ఏడు పిన్నుల సాకెట్టులో ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1 ఎడమ ఇండికేటరు, 3 ఎర్తు, 4 కుడి ఇండికేటరు, 5 కుడి వెనుక దీపం, 6 బ్రేకు దీపం, 7 ఎడమ వెనుక దీపం. స్థానికంగా వైరింగ్ చేయించిన ట్రక్కుల్లో ఈ క్రమం మారి ఉండవచ్చు కనుక, అద్దె ట్రక్కును కలిపిన ప్రతిసారీ ఒక మనిషిని వెనుక నిలబెట్టి అన్ని దీపాలూ చూసుకున్నాకే రోడ్డెక్కాలి. ఎర్తును కొక్కెం పిన్ను మీద వదిలేస్తే తుప్పు, గ్రీజు అడ్డుపడి దీపాలు మినుకుమంటాయి. చీకట్లో వెనుక దీపం లేని ట్రక్కును మోటారు సైకిలు గుద్దితే పోయేది ప్రాణం, కాబట్టి ఎర్తుకు వేరే వైరు తప్పనిసరి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను మొదట విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. పాజిటివ్‌ను ముందు విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. లగ్గులను కటింగ్ ప్లయరుతో నొక్కకుండా క్రింపింగ్ ప్లయరుతోనే నొక్కించాలి, సీలు లేని అతుకు మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయాలి. కప్లర్ల ముఖం కిందికి ఉండేలా, రోటావేటర్ షాఫ్టుకు, సైలెన్సరుకు దూరంగా కట్టుకోవాలి. కడిగేటప్పుడు ప్రెషరు నీటిని నేరుగా వాటి మీదికి కొట్టకూడదు. బండి రోజుల తరబడి కొట్టంలో ఉండిపోతే ఎలుకలు కొరికాయేమో చూడకుండా తాళం తిప్పకూడదు.

అంతా బిగించాక పొలానికి తీసుకెళ్లే ముందు లైట్లు, పంపు కలిపి పావుగంట నడిపి, ఆపి, ఒక్కొక్క కప్లర్‌నూ, ఫ్యూజు హోల్డరునూ చేత్తో తాకి చూడాలి. ఏదైనా వేడిగా తగిలితే దాని లగ్గు వదులుగా ఉన్నట్టో, వైరు సన్నబడినట్టో భావించి, విప్పి సరిచేసిన తర్వాతే దమ్ములోకి దించాలి.