డ్రాబాని గుర్తుపట్టాలంటే ఆకు చూడండి
ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్బార్డ్‌కి వెళ్లేవాళ్లు జేబులో 10ఎక్స్ భూతద్దం ఒకటి వేసుకోండి. అక్కడ నేలను అంటుకుని తెల్లగా పూసే డ్రాబా అనే చిన్న మొక్కలు మన ఆవాల కుటుంబానివే: నాలుగు రేకులు, ఆరు కేసరాలు, వాటిలో రెండు పొట్టివి. పువ్వు చూసి ఏ జాతో చెప్పడం చాలా కష్టం. ఆకు మీది నూగు చూడండి. డ్రాబా నివాలిస్ ఆకు నిండా బుల్లి నక్షత్రాల్లా చీలిన నూగు దట్టంగా ఉంటుంది, అందుకే బూడిద రంగులో కనిపిస్తుంది. డ్రాబా లాక్టియా ఆకు పచ్చగా, దాదాపు నున్నగా ఉంటుంది; వెంట్రుకలు ఎక్కువగా అంచునే. ఫొటో తీస్తే పువ్వుతో పాటు ఆకు, కాయ కూడా దగ్గరగా తీయండి. మొక్కను మాత్రం పీకకండి, ప్లీజ్. అక్కడి మొక్కలకు చట్టపరమైన రక్షణ ఉంది.